పదకొండు రోజుల సెలవు

మేడ మీది గది
ఏప్రిల్ 2

అక్కా,

నీకు ఫోన్ చేసి లాభం లేదని ఉత్తరం రాస్తున్నాను. పోయినసారి నేను "ఉద్యోగం మానేశా" అంటే నువ్వు "మారావా, మంచిదే, జీతం ఎంతిస్తారట" అన్నావు. మారలేదక్కా, మానేశాను. నీ చెవులు అలా, నా కళ్ళు ఇలా. అమ్మ ఇద్దరికీ సమానంగానే పంచింది.

ఇరవై ఆరేళ్ళు ఆ తెల్ల లైటు బోర్డు ముందు కూర్చుని, బెల్టు మీద వెళ్ళే సిరప్ సీసాల్లో పగుళ్ళు వెతికాను. వెంట్రుక మందం చీలిక కూడా వదిలేదాన్ని కాదు. డేగకన్ను అని ఊరికే పేరు పెట్టలేదు మా వాళ్ళు. ఆ డేగకి ఇప్పుడు ఎదురుగా వచ్చే మనిషి దగ్గరకొచ్చాక గానీ తెలియడం లేదు. రెండు కళ్ళకీ శుక్లాలట, ఆపరేషన్ చెయ్యాలన్నాడు డాక్టరు. "ఇంక నీవల్ల కాదులేమ్మా" అని మా సూపర్‌వైజరు మర్యాదగానే చెప్పాడు. నేనూ మర్యాదగానే కాగితం రాసిచ్చాను.

అసలు సంగతి ఇది. వాడుకోని లీవులకి డబ్బు ఇస్తారు, సర్వీసు మొత్తం మీద నూట ఇరవై రోజుల దాకా. నేను లీవు పెట్టే మనిషిని కాదని నీకు తెలుసుగా. నూట ఇరవై నిండే ఉంటాయి, రెండు కళ్ళకీ సరిపోతుందని లెక్కేసుకుని ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి గుమాస్తా రిజిస్టరు తిప్పి, "నూట తొమ్మిదేనమ్మా. పదకొండు రోజులు వాడుకున్నారు" అన్నాడు.

"ఎప్పుడండీ?"

"నాలుగేళ్ళ కిందట. ఫిబ్రవరి తొమ్మిది నుంచి పంతొమ్మిది దాకా."

అక్కా, ఆ తేదీలు నీకు చెప్పక్కర్లేదు. అమ్మ మంచాన పడ్డ రోజు నుంచి పోయిన రోజు దాకా. నేను రాని రోజులు. నువ్వు రమ్మని కబురు పెడితే సూపర్‌వైజరు కాళ్ళూ వేళ్ళూ పట్టుకున్నాను. పెద్ద ఆర్డరు ఉంది, వచ్చే వారం వెళ్ళమన్నాడు. వచ్చే వారానికి అమ్మ లేదు. అంతా అయిపోయాక వచ్చి మొహం చూపించాను. ఆ తప్పు నా మెడకి రాయిలా వేలాడుతూనే ఉంది, నువ్వు ఒక్క మాట అనకపోయినా. ఇప్పుడు ఆ రోజుల్లోనే నేను సెలవులో ఉన్నానంటే ఒళ్ళు మండిపోయింది.

గుమాస్తా ఒక దారి చెప్పాడు. ఎంట్రీ తప్పని నేను రాసివ్వాలి. ఆ పదకొండు రోజులూ నేను నీ దగ్గర లేనని నువ్వొక ముక్క రాసి సంతకం పెట్టాలి. రాయడానికి నీకూ బాధే, తెలుసు. కానీ రెండో కన్ను ఆ పదకొండు రోజుల మీదే ఉంది.

నీ చెల్లి

*

ఇల్లు
ఏప్రిల్ 11

చిట్టీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చెవులు పోయాయి గానీ కళ్ళు బాగానే ఉన్నాయి కదా అని మళ్ళీ చదివాను. లేవని ఎలా రాయమంటావే? ఉన్నావు కదా.

తొమ్మిదో తారీఖు పొద్దున్నే వచ్చావు. నేను స్కూలు చొక్కాలకి కాలర్లు కుడుతున్నాను. తల ఎత్తితే గుమ్మంలో నువ్వు, ఆ గోధుమరంగు సంచితో. "వచ్చావా" అన్నాను, నవ్వావు. ఆ రోజు నుంచి అమ్మ మంచం వదిలితే ఒట్టు. ఒళ్ళు తుడిచావు, పక్క మార్చావు, చెంచాతో పాలు పట్టావు. నేను మెషిను మీద నుంచి లేవక్కర్లేకుండా పోయింది. ఆ నెల స్కూలు ఆర్డరు టైముకి ఇచ్చానంటే నీ చలవే.

పంతొమ్మిదో తారీఖు మధ్యాహ్నం అమ్మ ఊపిరి మారింది. నేను డాక్టరు కోసం పరిగెత్తాను. నేను వెళ్ళేటప్పుడు అమ్మ నీ చెయ్యి పట్టుకుని ఉంది. తిరిగొచ్చేసరికి అమ్మ లేదు, నువ్వూ లేవు. తట్టుకోలేక ఎటో వెళ్ళుంటావనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ అదే సంచితో, ఉబ్బిన మొహంతో వచ్చావు.

డబ్బు అవసరం నాకు తెలుసు. కానీ ఇలాంటి అబద్ధం నా చేత రాయించకు. అమ్మని ఆఖరి రోజుల్లో చూసుకున్నదానివి, చూసుకోలేదని నువ్వే రాసుకోవడం ఏమిటి, పిచ్చిదానా? తన కంట్లో తనే వేలు పెట్టుకున్నట్టుంది.

అక్క

*

మేడ మీది గది
ఏప్రిల్ 19

అక్కా,

నన్ను ఓదార్చాలని ఇలా రాస్తే, దండం పెడతాను, వద్దు. కోపంతో వెక్కిరిస్తున్నా అదే మాట.

నేను రాలేదు. ఆ పంతొమ్మిదో తారీఖు సాయంత్రం షిఫ్టు దిగుతుంటే గేటు దగ్గర కబురందింది. రాత్రంతా బస్సులో కూర్చుని మర్నాడు మధ్యాహ్నం చేరాను. గుమ్మంలో నన్ను చూసి నువ్వన్న మొదటి మాట ఏమిటో గుర్తుందా? "ఎక్కడికి పోయావే ఇప్పటిదాకా?" అన్నావు. నాలుగేళ్ళుగా ఆ మాట నా చెవుల్లో గింగురుమంటూనే ఉంది. అమ్మ పదకొండు రోజులు మంచంలో ఉంటే ఎక్కడ చచ్చావని నువ్వు అడిగినట్టే విన్నాను. "రాలేకపోయానక్కా, క్షమించు" అని నీ కాళ్ళ మీద పడ్డాను. నువ్వు నా తల నిమిరి వంటింట్లోకి వెళ్ళిపోయావు. అంత కోపమా అనుకున్నాను. ఆ రెండు రోజులూ నీ కళ్ళలోకి చూడలేకపోయాను.

ఇప్పుడు నువ్వు చెప్పేది నిజమైతే, నువ్వడిగింది నిన్నటి నుంచి ఎక్కడికి పోయావని. నేను చెప్పింది నీకు వినపడనే లేదు.

కానీ అదెలా నిజమవుతుంది? ఎవరో పక్కింటి మనిషి సాయం చేసి ఉంటుంది. నువ్వప్పుడు నిద్రల్లేక, దిగులుతో ఉన్నావు. ఇంకెవర్నో చూసి నేననుకున్నావు. ఒక్కసారి నెమ్మదిగా ఆలోచించి రాయి.

నీ చెల్లి

*

ఇల్లు
ఏప్రిల్ 30

చిట్టీ,

ఆలోచించాను. నీ మాటకి విలువిచ్చి ఇద్దర్ని అడిగాను కూడా. పాలు పోసే ఆవిడ "మీ చెల్లెలే కదా రోజూ గిన్నె పట్టుకొచ్చింది, మాట్లాడేది కాదు, నవ్వేది" అంది. డాక్టరు గారైతే మందుల చీటీ నీ చేతికే ఇచ్చానన్నారు.

ఇవన్నీ మనుషులు చెప్పే మాటలు, పొరపాటు పడొచ్చు. నా కొలతల పుస్తకం పొరపాటు పడదు. ఫిబ్రవరి పద్నాలుగున నీకొక జాకెట్టు కుడదామని టేపు వేశాను. నాకు జ్ఞాపకమే, అమ్మ మంచం మీద నుంచి చూస్తూ ఉంది. పుస్తకం తీసి చూశాను. చేతుల పొడుగు, మెడ, ఛాతీ అన్నీ నీవే, అర అంగుళం తేడా లేదు. ఒక్క భుజాల దగ్గర తేడా ఉంది. నీకు ఆ పనిలో వంగి వంగి కుడి భుజం ముప్పావు అంగుళం కిందకి వాలి ఉంటుంది, నేనెప్పుడూ దానికి తగ్గట్టు గుడ్డ కత్తిరిస్తాను. ఆ రోజు రెండూ సమంగా ఉన్నాయి. నాలుగు రోజులు పనికి దూరంగా ఉంటే భుజం కూడా నిలబడింది అనుకుని సంతోషపడ్డాను. పక్కన పెన్సిలుతో రాసుకున్నాను కూడా: "భుజం సరి."

ఈ ముక్క చదివి నీకేమనిపిస్తుందో నాకు తెలియదు. నాకు మాత్రం టేపు మెళ్ళోంచి తీసి పక్కన పెట్టాలనిపించింది.

ఇంకొకటి. ఆఖరి రోజు పొద్దున అమ్మ నీతో చాలాసేపు మాట్లాడింది. పెదవులు కదలడం చూశాను. గొంతు పీలగా ఉంది, నాకొక్క ముక్క వినపడలేదు. నువ్వు తలూపావు. తర్వాత అడుగుదామనుకున్నాను. తర్వాత అడగబుద్ధి కాలేదు, అది మీ ఇద్దరిదీ అని ఊరుకున్నాను. అమ్మ ఏమందే?

ఆ కాగితం మీద సంతకం పెట్టకు చిట్టీ. ఎందుకని అడగకు.

అక్క

*

మేడ మీది గది
మే 14

అక్కా,

నీ ఉత్తరం వచ్చాక రెండు రోజులు గది దాటి వెళ్ళలేదు. మూడో రోజు మధ్యాహ్నం ఫ్యాక్టరీకి వెళ్ళాను. నేను అక్కడే ఉన్నానని నాకు నేను చూపించుకోవాలి, అంతే.

ఒక్కో పెట్టెకీ చూసినవాళ్ళ నంబరుతో చీటీ ఉంటుంది, సగం పెట్టె మీద అంటిస్తారు, సగం పుస్తకంలో ఉంటుంది. నాది పదిహేడో నంబరు. స్టోర్‌లో ఆ ఫిబ్రవరి పుస్తకం దొరికింది. కళ్ళకి ఆనించుకుని చదివాను. ఉంది అక్కా. తొమ్మిదో తారీఖు నుంచి రోజూ, పదిహేడు, నా చేతిరాతే. ప్రాణం లేచొచ్చింది.

తర్వాత పక్క గడి చూశాను. అక్కడ తీసేసిన సీసాలెన్నో రాయాలి. ఇరవై ఆరేళ్ళలో నేను పదికి తక్కువ తీసిన రోజు లేదు. ఆ పదకొండు రోజులూ సున్నా. వరసగా పదకొండు సున్నాలు, గుండ్రంగా, ఒకేలా. ఇరవయ్యో తారీఖున నేను నీ దగ్గరున్నాను, జీతం లేని సెలవు మీద, ఆ రోజు చీటీ లేదు. మళ్ళీ ఇరవై మూడున వచ్చి కూర్చున్నాక పదమూడు సీసాలు.

సూపర్‌వైజర్ని అడిగాను. "నువ్వే కూర్చున్నావు, నేను సాక్షి సంతకం పెడతాలే" అన్నాడు. "కాకపోతే..." అని ఆగాడు.

"కాకపోతే ఏమిటి సార్?"

"టీ బెల్లు కొట్టినా లేచేదానివి కాదు. పిలిస్తే పలికేదానివి కాదు. పక్క సీటమ్మాయి ఓసారి నీ చెయ్యి పట్టుకుని, చల్లగా ఉందని నా దగ్గరకొచ్చి చెప్పింది. జ్వరమేమో అనుకున్నాను."

"జ్వరమైతే వేడిగా ఉంటుంది కదా సార్."

"అవును" అన్నాడు. తర్వాత నా మొహం వంక చూడలేదు.

ఆ పదకొండు రోజుల్లో ఏమేం జరిగిందో గుర్తు తెచ్చుకుందామని చూస్తున్నాను. లైటు గుర్తుంది. తెల్లటి లైటు, ముందు నుంచి వెళ్ళిపోయే సీసాలు. అన్నం తిన్నట్టు గానీ, గదికి నడిచొచ్చినట్టు గానీ ఒక్కటీ తలపుకి రావడం లేదు. అమ్మ నాతో ఏమందని అడిగావు. నన్నడుగుతావేం అక్కా, నాకూ అదే కావాలి. ఆ మాట విన్నది నేనైతే నాకెందుకు తెలియదు?

గుమాస్తా టైపు చేయించిన కాగితం సంచిలో ఉంది: ఫలానా తేదీల్లో నేను సెలవు తీసుకోలేదు, ఎక్కడికీ వెళ్ళలేదు. కాగితాలివ్వడానికి జూన్ మొదటి వారం దాకా గడువు పొడిగించమని బతిమాలాను. పొడిగించాడు. డాక్టరు ఎడమ కన్ను ఇంక ఆలస్యం చెయ్యొద్దంటున్నాడు.

నీ చెల్లి

*

ఇల్లు
మే 23

చిట్టీ,

నువ్వడిగిన కాగితం ఇందులో పెడుతున్నాను. నువ్వు ఇక్కడ లేవని రాశాను. అమ్మని నేనొక్కదాన్నే చూసుకున్నానని రాశాను. నా జీవితంలో ఇంత పెద్ద అబద్ధం రాయలేదు, సంతకం వంకర పోయింది. అడిగితే ముసల్దని చెప్పు.

కళ్ళు కళ్ళే. అమ్మ బతికుంటే నన్ను నెత్తి మీద మొట్టి మరీ రాయించేది. నువ్వా కన్ను బాగు చేయించుకో. మిగతాది నేను పడతాను.

ఏం పడతానని అడగొద్దు.

అక్క

*

మేడ మీది గది
జూన్ 5

అక్కా,

నిన్న పొద్దున ఆఫీసుకి వెళ్ళాను, రెండు కాగితాలూ పట్టుకుని. గుమాస్తాకి ఎప్పుడూ జలుబే, చేతిరుమాలు మడతపెడుతూ కూర్చున్నాడు. వచ్చే నెల రిటైరవుతున్నాడట. "ఎంట్రీ కొట్టెయ్యాలంటే అసలు అప్లికేషన్ ఉండాలి కదా, వెతికించాను" అని ఒక పాత కాగితం నా ముందు పెట్టాడు.

నా సెలవు చీటీ. నేనెప్పుడూ రాయని చీటీ, నా రాతలో. ముక్కు దాకా తెచ్చుకుని చదివాను. సెలవులో ఉండే చిరునామా అన్న చోట మన ఇల్లు. కారణం అన్న చోట రెండే మాటలు: అమ్మ పిలిచింది.

కింద ఆఖరి గడి ఒకటుంది, తిరిగి డ్యూటీలో చేరిన తేదీ, సంతకం. అది ఖాళీ.

గుమాస్తా కూడా అప్పుడే చూశాడు. కళ్ళజోడు సవరించుకుని, "ఇదేమిటమ్మా, మీరు చేరినట్టు లేదే" అన్నాడు. "ఈ కాగితం ప్రకారమైతే మీరింకా సెలవులోనే ఉన్నారు." నవ్వుదామని మొదలుపెట్టాడు, మధ్యలో ఆగిపోయాడు.

"మరి ఈ నాలుగేళ్ళూ ఇక్కడ కూర్చుంది ఎవరండీ?" అన్నాను. మామూలుగానే అడిగాను. ఆయన రుమాలు జేబులో పెట్టుకుని కిటికీ వైపు చూశాడు.

ఆ కొట్టేసే కాగితం బయటికి తీశాను. నీ వంకర సంతకం కాగితం కూడా. రెండు సంతకాలు చాలు, నాకు రెండో కన్ను వచ్చేస్తుంది. కానీ అక్కా, అమ్మ ఒకరి చెయ్యి పట్టుకుని పోయింది. ఆ చెయ్యి లేదని నేనెలా రాయను? అది కూడా కొట్టేస్తే అమ్మ ఆఖరి నిమిషంలో ఒంటరిగా ఉన్నట్టే కదా. నువ్వు నాకోసం అబద్ధమాడావు, నేను నాకోసం ఆడలేకపోయాను. రెండూ చింపి బుట్టలో వేశాను.

"సెలవు తీసుకున్నాను. చేరినట్టు ఇప్పుడు సంతకం పెడతాను" అన్నాను.

"ఏ తేదీ వేస్తారు?"

"ఇవాళ్టిదే."

"ఇవాళ్టి తేదీ వేస్తే నాలుగేళ్ళ జీతానికి నేను సమాధానం చెప్పుకోవాలమ్మా!"

నేను వేసేశాను. ఆయన బొటనవేలు నాలిక మీద తడి చేసుకుని, ఆ తేదీని ఇంకు అలికిపోయేలా రుద్దాడు. "నేనేమీ చూడలేదు. సెలవు మీద వెళ్ళిన మనిషిని ఎప్పటికైనా తిరిగి రానివ్వాలి కదమ్మా" అని స్టాంపు కొట్టాడు.

మెట్లు దిగుతుంటే కుడి అరచేతిలో వేళ్ళు బిగుసుకున్నట్టయింది. ఎండిపోయిన సన్నటి వేళ్ళు. మెట్ల మీదే కూర్చుండిపోయాను. పదకొండు రోజులూ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. నువ్వు చూడకుండా అమ్మ పాలు దిండు కింద గుడ్డలో ఉమ్మేది, తెలుసా? నీ మెషిను చప్పుడు ఆగితే కళ్ళు తెరిచేది, మొదలైతే మూసుకునేది.

ఆఖరి పొద్దున అమ్మ అన్నది ఇది. నా మొహం చాలాసేపు చూసి, "నువ్వొచ్చావు సరే. అక్కడ దాన్ని ఒక్కదాన్నీ ఎందుకు వదిలేసొచ్చావే?" అంది.

"ఎవర్నమ్మా?" అన్నాను.

"దాన్నే. ఆ లైటు ముందు కూర్చోబెట్టి వచ్చావే, దాన్ని. దానికి అన్నం ఎవరు పెడతారు? వెళ్ళు, నేను పోగానే దాని దగ్గరికి వెళ్ళిపో. ఇక్కడ ఉండిపోకు."

సరేనని తలూపాను. నువ్వు చూసింది ఆ తలూపడమే. మాటిచ్చి ఎందుకు వెళ్ళలేదో మాత్రం గుర్తు రావడం లేదక్కా. అమ్మ ఊపిరి ఆగిన దగ్గర్నుంచి అంతా చీకటి.

నూట తొమ్మిది రోజుల చెక్కు వస్తుంది. ఇరవయ్యో తారీఖున ఎడమ కంటికి ఆపరేషన్. కుడిది తర్వాత చూద్దాం.

నీ చెల్లి

*

ఇల్లు
జూన్ 14

చిట్టీ,

ఎందుకు వెళ్ళలేదో నాకు తెలుసు. నీకు చెప్పకుండా దాచింది ఇదే.

అమ్మ పోయాక నువ్వు రెండు రోజులుండి వెళ్ళావు కదా. ఆ మర్నాడు పొద్దున అమ్మ గది తలుపు తీస్తే, మంచం పక్కన నేల మీద పక్క పరిచి ఉంది. దిండు మీద తల ఆనిన గుంట. నేనే మడతపెట్టడం మర్చిపోయాననుకుని మడిచి మంచం మీద పెట్టాను. మర్నాడు మళ్ళీ పరిచి ఉంది. ఆ మర్నాడూ. వారం రోజులు భయంతో వసారాలో పడుకున్నాను. తర్వాత అలవాటైపోయింది. నాలుగేళ్ళు, రోజూ పొద్దున లేచి ఆ పక్క మడతపెట్టడం నా పనుల్లో ఒకటి.

ఎప్పుడూ కంటికి కనపడలేదు. మెషిను తొక్కుతూ దారం అయిపోయింది చూసుకోకపోతే, ఎవరో భుజం మీద మెల్లగా తట్టేవాళ్ళు. పొయ్యి మీద పాలు పొంగితే తట్టేవాళ్ళు. నాకు చప్పుళ్ళు తెలియవని తెలిసినవాళ్ళే అలా తడతారు. అమ్మే అనుకున్నాను చాన్నాళ్ళు. కానీ దిండుకి అంటిన వెంట్రుకలు నల్లవి.

కొలతల పుస్తకం చూశాక అది ఎవరో అర్థమైంది; ఆ తర్వాత నువ్వు ఇక్కడ లేవని రాయాలంటే నేను భయపడింది నీకోసం కాదు. దానికోసం. లేదని రాసిచ్చేస్తే ఏమైపోతుందోనని. అయినా ఆఖరికి రాశాను. ఇద్దరిలో కళ్ళు కావలసింది నీకు కదా.

అమ్మ పొమ్మంది, అది పోలేదు. నన్నొక్కదాన్నీ వదిలిపెట్టలేక ఉండిపోయింది. ఆ మాట అనుకుంటే నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది. అక్కడ నువ్వేమో నేను కోపంగా ఉన్నానని నాలుగేళ్ళు కుమిలిపోయావు, ఇక్కడ దారం అయిపోతే నువ్వే నా భుజం తట్టావు.

నాలుగో తారీఖు పొద్దున పక్క మడతపెట్టాను. ఐదో తారీఖు పొద్దున తలుపు తీస్తే నేల ఖాళీగా ఉంది. నేను మడిచిన మడత మడిచినట్టే ఉంది. సాయంత్రం పాలు పొంగి పొయ్యి నిండా కారిపోయాయి, మాడు వాసన వచ్చేదాకా నాకు తెలియలేదు.

నీకు మంచిదే జరిగింది. వెళ్ళాల్సిన చోటికే వెళ్ళింది. ఆ మాట వంద సార్లు అనుకున్నాను. ఐనా ఈ ఇల్లు ఇంత పెద్దదని నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు.

ఆపరేషన్‌కి ముందు రోజు నీ దగ్గరికి వస్తాను. కట్టు విప్పేదాకా ఉంటాను. తర్వాత నిన్ను వెంటబెట్టుకునే వస్తాను, మారు మాట్లాడకు. ఆ పక్క ఇవాళ ఎండలో వేశాను, దిండు గలీబు ఉతికాను. అమ్మ మంచం మీద పడుకుంటావో, కింద పడుకుంటావో వచ్చాక నువ్వే చెప్పు.

అక్క